బట్ట కింది చేయి

మా అత్తమ్మ పోయిందని ఆస్పత్రి నుంచి మా ఆయన ఫోన్ చేసినప్పుడు మేము ఐదుగురం మగ్గం చుట్టూ కూర్చుని ఉన్నాం. అందరం ఆమె ఖాళీ చోటు వైపు చూశాం. పువ్వు సగంలో వదిలి లేస్తే ఆమెకు నచ్చదు. ఎవరి పువ్వు వాళ్లం పూర్తి చేసి, అప్పుడు లేచి ఏడ్చాం.

కిషన్‌బాగ్‌లో మా ఇంటి ముందు గదిలోనే పని. పెళ్లి బట్టల మీద జరీ పువ్వులు కుడతాం. చెక్కల మధ్య బట్టను డప్పులా బిగిస్తాం. కుడి చేయి పైన సూదితో ఉంటుంది. ఎడమ చేయి బట్ట కింద దారం అందిస్తుంది, ఎవరికీ కనిపించదు. అత్తమ్మ పెత్తనమంతా ఆ చేతిలోనే ఉండేది. ఎవరైనా తప్పు కుట్టు వేస్తే పేరు పెట్టి తిట్టేది కాదు. కింది నుంచి బట్టను వేలితో తట్టేది. టక్, టక్. ఆ అదురు అందరి వేళ్లకూ తెలిసేది. తప్పు చేసిన చేయి మాత్రమే ఆగేది.

నేను ఏడో తరగతితో చదువు ఆపినదాన్ని. నలుగురిలో మాట్లాడాల్సి వస్తే వంటింట్లోకి పోయేదాన్ని. ఒకసారి మాకు పనిచ్చే షాపు భాయ్ వచ్చి, జరీ రంగు మారిందని గడపలో నిలబడి లొల్లి పెట్టాడు. అత్తమ్మ తలెత్తలేదు. పువ్వు ముగించి, దారం తెంపి, అప్పుడు చూసింది. అప్పటికే ఆయన గొంతు దిగిపోయింది.

"కూసో భాయ్. నువ్విచ్చిన దారమే ఇది," అంది. అంతే.

"భయం కాలేదా అత్తమ్మా?" అని తర్వాత అడిగాను.

"ఎందుకు కాదు బిడ్డా? కింద చెయ్యి వణుకుతనే ఉండె. నీకు కనబడలె, గంతే," అని నవ్వింది. "ఒక్కసారి చెప్పు. మల్ల ఊకో. ఊకున్నంకనే మాట వినబడ్తది."

దినాలు అయిన మర్నాడు భాయ్ మళ్లీ వచ్చాడు. సగమైన పెళ్లి లెహంగా మగ్గం మీదే ఉంది.

"అమ్మ లేదు. ఇగ పని ఎవరు చూస్కుంటరు? గీ కోడలా? సలామ్ అంటెనే లోపలికి ఉరుకుతది! లెహంగా ఇప్పియ్యుండ్రి, వేరే కార్ఖానాల ఇచ్చుకుంట."

పక్కింటి ఖాలా సూది ఆపింది. "గట్లంటె ఎట్ల భాయ్? మా నలుగురి రోటీ గీ మగ్గం మీదనే."

అందరూ నన్ను చూశారు. వంటింట్లోకి పోదామని లేచినదాన్ని, ఎందుకో అత్తమ్మ చోట్లో కూర్చున్నాను. ఇన్ని రోజులుగా అక్కడ ఎవరూ కూర్చోలేదు. బొంత వెచ్చగా ఉంది. ఆస్పత్రికి పోయిన రోజు ఆమె సగంలో వదిలిన పువ్వు నా ముందుంది. దాన్ని అందుకున్నాను.

"చూసిన్రా, నోట్లకెల్లి మాటే రాదు!" అన్నాడు భాయ్.

నాకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. గట్టిగా అరవబోయాను. కింది నుంచి బట్ట అదిరింది. టక్, టక్. ఖాలా తట్టిందనుకుని ఆగాను. పువ్వు ముగించాను. దారం తెంపాను. తలెత్తాను.

"పని ఈడనే అయితది భాయ్. శుక్రారం రాండ్రి."

మళ్లీ మాట్లాడలేదు. కింద నా చేయి వణుకుతూనే ఉంది. భాయ్ కాసేపు ఆ పువ్వునే చూశాడు. "సరే, శుక్రారం," అని చెప్పులేసుకున్నాడు.

ఆయన వీధి మలుపు తిరిగాక, "మంచిగ తట్టినవ్ కోడలా, నోరు జార్తనేమోనని భయమైంది నాకు," అంది ఖాలా.

"నేను తట్టలే ఖాలా. మీరే అనుకున్న."

మిగతా ముగ్గురూ తలలు అడ్డంగా ఊపారు. అందరం ఎడమ చేతులు కూడా బయటికి తీసి బట్ట మీద పెట్టాం. పది చేతులు.

నా ముందున్న పువ్వు దగ్గర బట్ట కొంచెం పైకి లేచి, మెల్లగా దిగింది.