నేను వేసిన పీటముడి

దెయ్యాలు లేవని బళ్లో పిల్లలకు చెప్పి జీతం తీసుకునే సైన్సు టీచర్ని నేను. ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను. ఇది చదివి తాయెత్తు కట్టించుకోమని ఎవరైనా సలహా ఇస్తే ఊరుకోను. జరిగింది జరిగినట్టు చెబుతున్నాను, అంతే.

మాది ద్రాక్షారామం దగ్గర పల్లెటూరు. నాలుగేళ్ల కిందట నాన్న మాఘమాసంలో పోయారు. రెండో పంట దాళ్వా వరి అప్పటికి మోకాలెత్తు ఉంది. కోతలు ఎలాగో గట్టెక్కించాం. తర్వాత కాలువలు కట్టేశారు, ఎండలు ముదిరాయి, జూన్‌లో మళ్లీ నీళ్లు వదిలారు. ఊరంతా నారుకి ఆకుమళ్లు దున్నుకుంటుంటే మా మూడెకరాలు ఎవరు చేస్తారన్న మాట వచ్చింది. నేనే చేస్తానన్నాను. నాన్నకి నేనొక్కదాన్నే.

నాన్న తమ్ముడు, మా బాబాయి, ఒప్పుకోలేదు. చెడ్డవారు కాదు, పట్టింపులెక్కువ.

“ఏటిసూతకంలో ఉన్న చెయ్యమ్మా. ముట్టుకుంటే విత్తనం మొలవదు. పొలం నాకు కౌలుకిచ్చెయ్” అన్నారు.

నాకు ఒళ్లు మండింది. తండ్రి పోతే కూతురి చెయ్యి మైలపడిపోతుందా? నా చేత్తోనే మండె కడతానని, మొలక రాకపోతే పొలం ఆయనకే ఇచ్చేస్తానని పదిమందిలో అనేశాను.

మండె కట్టడమంటే, విత్తనాలు ఒకరోజు నానబెట్టి, గోనెసంచిలో పోసి, మూతి కట్టి, పైన వరిగడ్డి కప్పుతాం. పూటపూటకీ నీళ్లు చల్లాలి. లోపల వేడి పుట్టి మర్నాటికి మొలకొస్తుంది. నాన్న మూతి ఎప్పుడూ వదులుగా, జారుముడితో కట్టేవారు. ఆయనది ఎడమచేతి వాటం కాబట్టి ఉచ్చు అందరికీ పడే వైపు కాక రెండో వైపుకి పడేది. “విత్తనానికి ఊపిరి ఆడాలమ్మా. బిగిస్తే ఉడికిపోద్ది” అనేవారు. చిన్నప్పటి నుంచీ విన్న మాటే. అయినా మండె కట్టిన పొద్దున, ఇంటి లోపలే సంచి పెట్టి, కోపంలో బిగించి పీటముడి వేశాను.

అదే రోజు అమ్మకి రాజమండ్రిలో కంటి ఆపరేషన్. సాయంత్రానికి వచ్చేద్దామనుకుంటే, బీపీ ఎక్కువుందని మర్నాటిదాకా ఉంచేశారు. ఇంటి తాళంచెవులు రెండూ నా బ్యాగులోనే ఉన్నాయి. ఫోన్ చేస్తే బాబాయి తాళం పగలగొట్టయినా నీళ్లు చల్లేవారు. చెయ్యలేదు. పంతం. ఆసుపత్రి బల్ల మీద కూర్చుని, నాన్న పొలాన్ని నా నోటితో నేనే పోగొట్టానని ఏడ్చాను.

మర్నాడు మధ్యాహ్నం ఇల్లు చేరాం. బాబాయి అరుగు మీద కూర్చుని ఉన్నారు. వేసిన తాళం వేసినట్టే ఉంది, నేనే తీశాను. కిటికీలకు లోపలి గడియలు అలాగే ఉన్నాయి. గడ్డి తీసి చూస్తే సంచి తడిగా ఉంది. కింద గచ్చు మీద నీళ్లు. మూతికి నా పీటముడి లేదు. వదులుగా జారుముడి ఉంది, ఉచ్చు రెండో వైపుకి.

బాబాయి వంగి చాలాసేపు చూశారు.

“అన్నయ్య కట్టు ఇది” అన్నారు మెల్లగా.

చేతిలో ఫోనుంది. పెద్ద సైన్సు టీచర్ని, ఫోటో తియ్యాలని తోచలేదు. తాడు కొస పట్టుకుని లాగేశాను. ఒక్క లాగుకి ఊడిపోయింది. లోపల గింజ గింజకీ తెల్లటి మొలక.

ఆ సాయంత్రమే ఆకుమడిలో చల్లాను. బాబాయే సంచి మోసుకొచ్చి, గంప నా చేతికందించారు. కౌలు మాట మళ్లీ ఎత్తలేదు.

తర్వాత అందర్నీ అడిగాను. బాబాయి తను ముట్టుకోలేదని భీమేశ్వరుడి మీద ఒట్టేశారు. ఆ ఒట్టు ఆయన అబద్ధానికి వెయ్యరు. ఎడమచేతి వాటం వాళ్లు ఊళ్లో ఇంకెవరని వెతికితే ఒక టైలర్ దొరికాడు, అతనికి మండె సంగతే తెలియదు. నేనే జారుముడి వేసి మర్చిపోయానేమోనని ఎన్నోసార్లు వేసి చూసుకున్నాను. నా చేత్తో ఉచ్చు ఆ వైపుకి పడదు.

నమ్మకం వచ్చిందా అంటే రాలేదు. నాన్న ఉన్నన్నాళ్లూ కార్తీక సోమవారాలు ఆయన గుళ్లోకి వెళ్తే నేను బండి దగ్గర నిలబడేదాన్ని. ఇప్పుడు అమ్మని తీసుకెళ్తాను, బండి దగ్గరే నిలబడతాను.

నీళ్లు ఎవరు చల్లారో, ముడి ఎవరు మార్చారో ఈనాటికీ నాకు తెలియదు. కానీ మీ నాన్న దెయ్యమై వచ్చారని ఎవరైనా అంటే మాత్రం గుమ్మం దిగమంటాను. విత్తనానికి ఊపిరి ఆడాలన్న మనిషిని పట్టుకుని దెయ్యమని ఎలా అంటారండీ?