నాయిన సీటీ కొట్టని సినిమాలు

ఆ ఏడాది మొట్టమొదట వచ్చిన పెద్ద సినిమా శుద్ధ చెత్త. ఎంత పెద్ద హీరో అయితేనేం, ఇంటర్వెల్ దాకా కథే మొదలు కాలేదు. హీరోయిన్‌ని పాటలకు పిలిచి, పాటలు అయిపోగానే ఇంటికి పంపేశారు. విలన్ సినిమా పొడుగునా అరుస్తూనే ఉన్నాడు, ఒక్కసారి కూడా భయం వెయ్యలేదు. ఇవన్నీ నేను దిల్‌సుఖ్‌నగర్‌లో థియేటర్ మెట్లు దిగుతుండగానే చెప్పేశాను. మా నాయిన చెవిన పెట్టలేదు. ఆయన కొలత వేరు. హీరో తెర మీదికి వచ్చే సీను ఎట్లా తీశారు, అక్కడ సీటీ ఎంతసేపు కొట్టబుద్ధయింది, అంతే. ఆ రోజు ఆయన చాలాసేపే కొట్టాడు, కాబట్టి సినిమా హిట్టు. బయట బజ్జీల బండి దగ్గర నిలబడి ఇంకోసారి పోదామా అని కూడా అడిగాడు.

సీటీ అంటే ఈలే, మా దిక్కు అట్లా అంటాం. మా నాయిన ఈల సంగతి చెప్పకుండా ఆ ఏడాది సినిమాల మీద అభిప్రాయం చెప్పడం నాకు చేతకాదు.

ఆయన నల్గొండ పక్క పల్లె నుంచి వచ్చి గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌లో పనికి కుదిరిన మనిషి. మామిడికాయల రోజుల్లో అక్కడ ఎవరి మాట ఎవరికీ వినపడదు. లారీ వెనక్కి రావాలన్నా, తోపుడు బండి ఆగాలన్నా నోటితో అరిచి లాభం లేదు. నాయిన నాలుక మడిచి, రెండు వేళ్లు నోట్లో పెట్టి ఒక్కటి కొడితే ఎక్కడో చివరన ఉన్న డ్రైవర్ కూడా తల తిప్పేవాడు. మార్కెట్ ఊరి బయటికి తరలిపోయాక అంత దూరం పోయిరాలేక మానేశాడు. ఎల్‌బీ నగర్‌లో మా కిరాయి ఇంటికి దగ్గరలోనే ఒక అపార్ట్‌మెంట్‌కు పగటి వాచ్‌మన్‌గా చేరాడు. అక్కడ సీటీతో పనేముంటుంది, కార్లు వాటంతట అవే వస్తాయి, పోతాయి. ఇంట్లో కొడదామంటే మా అమ్మ కొట్టనివ్వదు. ఇంట్లో ఈల వేస్తే లక్ష్మి వెళ్లిపోతుందని ఆమె నమ్మకం. వచ్చిందెప్పుడు, పోవడానికి అని నేనంటే నాకు కూడా నాలుగు తగిలేవి. ఇంక ఆయనకు మిగిలింది థియేటర్ ఒక్కటే.

నాకూ సినిమా పిచ్చి ఆయన వల్లే అంటుకుంది. ఆడపిల్లను పక్కన కూర్చోబెట్టుకుని సీటీలు కొడతావా అని మా వాళ్లు ఎంత మొత్తుకున్నా ఆయన వినలేదు. నేను పెరిగి పెద్దదాన్నయి, దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్‌లో పిల్లలకు అకౌంట్స్ చెప్పే స్థితికి వచ్చాక కూడా కొత్త సినిమా పడితే మేమిద్దరమే పోయేవాళ్లం. నేను కథ చూస్తాను, ఆయన హీరోను చూస్తాడు. ఒక్కనాడు కూడా మా ఇద్దరి తీర్పు కలిసింది లేదు.

ఆ చెత్త సినిమా చూసొచ్చిన కొన్నాళ్లకే ఆయన గొంతు బొంగురు పోయింది. సీటీలు కొట్టి కొట్టి పాడుచేసుకున్నాడని అమ్మ సణిగింది. పాడుచేసింది బీడీలు. మొదట వీధి చివరి క్లినిక్, తర్వాత పెద్ద దవాఖాన, పరీక్షలు, ఇంకా పరీక్షలు. చివరికి క్యాన్సర్ అని తేలింది.

ఆ ఏడాది రెండో సినిమా మేం ఆ పరీక్షల మధ్యలో చూశాం. రిపోర్టు వచ్చేలోగా ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతుందని ఆయనే లాక్కుపోయాడు. అందులో సీటీ కొట్టే సీనే లేదు, పైగా మా ఖర్మకు హీరో తల్లికి క్యాన్సర్. ఈ సినిమా మీద నాకు కోపం ఇప్పటికీ తగ్గలేదు. మన సినిమాల్లో క్యాన్సర్ అంటే ఒక దగ్గు, ఒక తెల్ల రుమాలు, దాని మీద ఎర్ర మరక. డాక్టర్ కళ్లద్దాలు తీసి తల అడ్డంగా ఊపుతాడు, వయొలిన్ మోగుతుంది, తర్వాతి సీనులో ఫొటోకు దండ. టోకెన్ చేత్తో పట్టుకుని వరండాలో కూర్చున్న మనుషుల్ని ఎవరూ చూపించరు. ప్లాస్టిక్ కవర్లో ఎక్స్‌రేలు, స్టీలు డబ్బాలో ఇడ్లీలు, నీ నంబర్ ఎంత అంటే నీ నంబర్ ఎంత అని ఒకరినొకరు అడగడాలు, అవేవీ ఉండవు. హాలంతా ముక్కులు చీదుకుంటుంటే నాయిన నా వైపు వంగి బొంగురు గొంతుతో అన్నాడు.

“గింత జల్ది సచ్చిపోతరా వీళ్లు?”

నాకు నవ్వాగలేదు. ముందు సీట్లో ఆమె వెనక్కి తిరిగి కొరకొరా చూసింది. నాయిన గొంతు అనుకోగానే నాకు ఇప్పటికీ మొదట వినిపించేది ఆ మాటే.

డాక్టరు కృష్ణా జిల్లా వైపు మనిషి, మెత్తగా మాట్లాడేవాడు. “స్వరపేటిక మొత్తం తీసెయ్యాలండీ. మాట పోతుంది. మెడ ముందు రంధ్రం పెడతాం, ఊపిరంతా అక్కణ్నుంచే” అని బొమ్మ గీసి మరీ చూపించాడు. మేం అడగాల్సినవన్నీ అడిగాం అనుకున్నాం. అన్నం తినగలడా, స్నానం ఎట్లా, నీళ్లు లోపలికి పోతే ఏమవుతుంది, మళ్లీ పనికి పోవచ్చా. ఆయన అన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో అమ్మ ఏడుస్తూనే ఉంది. మాట పోయాక ఎట్లా బతుకుతావని ఆమె బాధ. నాయిన మాత్రం అప్పటికే లోపల ఏదో కూడికలు తీసివేతలు చేసుకుని కుదుటపడ్డట్టు కనిపించాడు.

“మాట పోతే పోనీ బిడ్డా. సీటీకి మాటతోని ఏం పని? నాలుక, పెదవులు, రెండు వేళ్లు. అవన్ని ఉంటయి గదా” అన్నాడు నాతో.

నిజమే కదా అనుకున్నాను నేను కూడా. డాక్టర్ గీసిన బొమ్మ నా చేతిలోనే ఉంది, ఊపిరి ఎక్కణ్నుంచి వస్తుందో, ఎక్కడికి రాదో అందులో స్పష్టంగా ఉంది. అయినా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. ఆ ధైర్యంతోనే ఆయన ఆపరేషన్‌కు ఒప్పుకున్నాడు.

ఆపరేషన్ బాగా జరిగింది. ఇంటికొచ్చాక మా బతుకు కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది. మెడ దగ్గర రంధ్రానికి పల్చటి గుడ్డ కట్టేవాళ్లం, ఎల్‌బీ నగర్ దుమ్ము సంగతి తెలిసిందే. పెదవుల కదలిక చూసి ఆయన మాట పట్టుకోవడం నాకు తొందరగానే వచ్చింది, అమ్మకు ఆలస్యమైంది. వేడి చాయ్ ముందర పెడితే ఊదుకోలేకపోయేవాడు, సాసర్లో పోసుకుని చల్లారేదాకా చూస్తూ కూర్చునేవాడు. వాసనలు కూడా తెలిసేవి కావు. ఒకరోజు పోపు మాడి ఇల్లంతా పొగ నిండితే పక్కనే కూర్చుని పేపర్ చదువుకుంటున్నాడు. ఇన్ని తెలిసొచ్చినా సీటీ సంగతి మాత్రం తెలియలేదు. ఇంట్లో ఆయన ఎప్పుడూ ప్రయత్నించలేదు. అమ్మ భయంతో ముప్పై ఏళ్లుగా అలవాటైపోయి, గడప లోపల ఉన్నంతసేపు ఆయన చెయ్యి నోటిదాకా పోనే పోదు.

ఎండాకాలం చివర్లో ఆయన అభిమాన హీరో సినిమా వచ్చింది. వద్దు, జనంలో దుమ్ము, ఏసీ చలి అని అమ్మ మొత్తుకుంది. ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, కొత్త గుడ్డ కట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. పోయాం.

ఆ సినిమా గురించి నిజాయితీగా చెప్పాలంటే, హీరో వచ్చే సీను అంత బాగా తీయడం నేనింకెక్కడా చూడలేదు. ముందు చెప్పుల చప్పుడు. తర్వాత చెయ్యి. మొహం చూపించడు. జనం గోలపెట్టడం మొదలయ్యాక ఒక్కసారిగా మ్యూజిక్ అంతా ఆపేశాడు. పని తెలిసిన డైరెక్టర్ అక్కడ అట్లా కాస్త ఖాళీ వదులుతాడు. సీటీ కోసమే ఆ ఖాళీ.

నాయిన లేచి నిలబడ్డాడు. నాలుక మడిచాడు, వేళ్లు పెట్టాడు, ఛాతీ నిండా గాలి పీల్చాడు. నోట్లోంచి ఏమీ రాలేదు. మెడ మీది గుడ్డ పైకి ఎగిరి పడింది.

వేళ్లు తీసి ప్యాంటుకు తుడుచుకుని మళ్లీ పెట్టాడు. మళ్లీ గుడ్డే ఎగిరింది. అప్పటికి వెనకాల పది మంది కొడుతున్నారు, కాగితాలు మా నెత్తిన పడుతున్నాయి. ఆయన కూర్చున్నాడు. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకున్నాడు. నేను చూడనట్టు తెర వైపు తిరిగి కూర్చున్నాను, హీరో మొహం నాకు అలుక్కుపోయి కనబడింది.

ఇంటర్వెల్లో లైట్లు వేశాక ఆయన పెదవులు కదిపాడు. “పోయింది” అన్నాడు. ఒక్కసారికే అర్థమయింది.

ఆ సినిమా సెకండాఫ్ అద్భుతం అంటారు. నన్నడగొద్దు. నేను చూడలేదు, కూర్చున్నాను అంతే.

తర్వాతి చెకప్‌లో డాక్టర్‌ని అడిగాను. ఊపిరి నోటికి రాదు కదండీ, ఈల కూడా పోతుంది, మీరు ఒక్కమాట అడిగి ఉంటే చెప్పేవాణ్ని అన్నాడు. చెప్పినా ఏం చేసేవాళ్లం? ఆపరేషన్ మానుకునే పని లేదు, మనిషి దక్కాలి కదా. కానీ ముందే తెలిసుంటే ఆ ఆఖరి సీటీ ఆఖరిదని తెలిసి కొట్టేవాడు. ఎక్కడ కొట్టాలో, ఏ హీరోకు కొట్టాలో తనే ఎంచుకునేవాడు. అది పోయి పోయి ఆ ఏడాది మొదటి చెత్త సినిమాకు ఖర్చయిపోయింది. ఆ డైరెక్టర్ ఎక్కడ కనబడ్డా నేను క్షమించను.

అమ్మకు ఈ సంగతి నేనే చెప్పాను. మూడో రోజు మధ్యాహ్నం, ఆయన కిటికీ దగ్గర కూర్చుని ఉంటే, చేతులు కొంగుకు తుడుచుకుంటూ పోయి ముందర నిలబడింది.

“ఓసారి ఇంట్లనే కొట్టి చూడరాదు. నేనేమనను” అంది.

ఆయన నవ్వి తల ఊపాడు, వద్దని. ఆమె వంటింట్లోకి పోయి చాలాసేపు బయటికి రాలేదు.

ఆ తర్వాత ఆయన థియేటర్ మాట ఎత్తలేదు. నేను ఒక్కదాన్నే పోయి చూసొచ్చి కథలు చెప్పేదాన్ని. పెద్ద హీరో సినిమా ఒకటి కథ మధ్యలో ఆపేసి మిగతాది రెండో భాగంలో చూసుకోండి అంది. సగం అన్నం పెట్టి విస్తరి లాగేసినట్టుందని నేను మండిపడితే ఆయన గోడ వైపు చూస్తూ విన్నాడు. వానాకాలంలో కొత్త కుర్రాళ్లు తీసిన చిన్న సినిమా వచ్చింది. ఆ ఏడాది మొత్తానికి అదే మంచి సినిమా అని నా తీర్పు. అందరూ మనుషుల్లా మాట్లాడుకున్నారు, ఎవరూ ఎవరినీ గాల్లోకి లేపి కొట్టలేదు. ముఖ్యంగా సీటీ కొట్టే సీను ఒక్కటీ లేదు. అందుకే ఆయన్ని బతిమాలి తీసుకుపోయాను. హాల్లో సగం సీట్లు ఖాళీ, పిన్ను పడితే వినిపించేటంత నెమ్మది. పది నిమిషాలకే నిద్రపోయాడు. బయటికొచ్చాక ఎట్లుందని అడిగితే పెదవులతో, “గిది సినిమానా?” అన్నాడు. చాలా రోజుల తర్వాత ఆయన మీద నాకు మామూలుగా కోపం వచ్చింది, అది నాకు ఎంతో హాయిగా అనిపించింది.

ఏడాది చివర్లో మళ్లీ ఆయన హీరోదే సినిమా పడింది. ఈసారి ఆయనే రెండు వేళ్లు చూపించి ఇద్దరికీ టికెట్లు తీయమన్నాడు. నేను భయపడుతూనే తీశాను. దిల్‌సుఖ్‌నగర్ దాకా మెట్రోలో పోయాం. హాలు నిండిపోయింది. సినిమా మొదలై కాసేపయింది. విలన్ మనుషులు ఊరివాళ్లను కొడుతున్నారు, ముసలాయన ఒకడు వాడొస్తే మీ పని అయిపోతుందని అరుస్తున్నాడు. హీరో వస్తాడని తెలియడానికి ఇంతకన్నా ఏం కావాలి. నాయిన లేచి బయటికి నడిచాడు.

బాత్రూమ్‌కేమో అనుకుని వెంట పోయాను. తలుపు బయట, పాప్‌కార్న్ మిషన్ పక్కన నిలబడి ఉన్నాడు. ఎక్కడికీ పోలేదు. లోపల ఒక్కసారిగా గోల లేచింది, తలుపు అదిరింది. ఆయన తల వంచుకుని, చెవి తలుపు వైపు పెట్టి వింటున్నాడు. కాసేపటికి గోల పైన ఒక సీటీ లేచింది. పొడుగ్గా, ఎక్కడా తెగకుండా సాగింది. నాయిన వేలు పైకెత్తి నన్ను వినమన్నాడు. అది ఆగిపోయాక ఏదో అన్నాడు, నాకు అందలేదు. మళ్లీ అనమన్నాను. నా మొహం తన వైపు తిప్పుకుని, చిన్నపిల్లకు చెప్పినట్టు నిదానంగా పెదవులు కదిపాడు.

“నాది గింతకన్న గట్టిగ ఉండె గదా?”

“ఇంకా గట్టిగ ఉండె నాయినా” అన్నాను.

ఆయన నా కళ్లలోకి చూశాడు, నేను నిజంగా అన్నానా, తన మనసు కోసం అన్నానా అని. నిజంగానే అన్నాను. ఆ సీటీ ఇంక ఎవరికీ వినపడదని ఏడుపొచ్చింది. లోపల గోల అణిగి హీరో మాట్లాడటం మొదలుపెట్టాడు. ఆయన తలుపు తెరవలేదు, నేనూ తెరవలేదు. ఆ సినిమా మీద నాకు ఏ అభిప్రాయమూ లేదు. మేం మెట్లు దిగి ఇంటికి వచ్చేశాం.