కుక్క వీపు మీద ఇంజనాయిలు

గాజువాకలో నా పశువుల క్లినిక్‌కి చర్మవ్యాధితో వచ్చే ఏ జంతువూ రోగమేమిటో తెలియక రాదు. ఇంటాయన, పక్కింటావిడ, మందుల షాపతను కలిసి అప్పటికే తేల్చేసి ఉంటారు. నేను తలాడిస్తే చాలు. పోనీ పుండు చూద్దామంటే కనిపించదు. దాని మీద పసుపో, వేపనూనో, పేరు చెప్పని ఇంకేదో దట్టంగా పట్టించి తెస్తారు. అది చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నా వైద్యంలో సగం సబ్బుతోనే గడిచిపోతుంది.

మొన్నామధ్య ఒక పెద్దాయన, భార్యతో కలిసి కుక్కని తెచ్చాడు. ఉక్కు కర్మాగారంలో యంత్రాలు బాగుచేసి రిటైరైన మనిషి. కుక్క వీపంతా నల్లగా నిగనిగలాడుతోంది. కాలిన ఇంజనాయిలు!

“గజ్జండి. నాకూ అంటించీసింది, సూడండి,” అంటూ చొక్కా చెయ్యి పైకి మడిచాడు. మోచేతి కింద గుండ్రంగా, ఎర్రటి అంచుతో తామర. “గజ్జని మీరొక్క మాట సెప్పీండి. దీన్ని యారాడ సముద్రం ఒడ్డున ఒగ్గీసి వచ్చేత్తాను. ఆటో బయటే ఉంది.”

భార్య కుక్క మెడలోని తాడుని రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. ఆవిడని చూస్తే జాలేసింది, ఆయన్ని చూస్తే కోపమొచ్చింది.

“ఆయిలెందుకు రాశారు?”

“మొదట సిన్న గోకుడేనండి. రాసేను. ఎర్రబడింది. ఇంకొంచెం రాసేను. బొచ్చూడింది. అప్పుడు బాగా పట్టించీసేను. బతుకంతా మిషన్లు సూసినోణ్ణి, నాకు తెల్దేటి?”

ఓపిగ్గా కడిగాను. బ్లేడుతో చర్మం గీకి, అంచున కొన్ని వెంట్రుకలు పీకి, మైక్రోస్కోపు కింద పెట్టి చూశాను. గజ్జి పురుగు లేదు, తామర బూజూ లేదు. పిడుదు కుట్టిన చోట ఆయిలు కాల్చేసిన చర్మం మాత్రం ఉంది.

“కుక్కకి గజ్జి లేదండీ. ఆయిలు ఆపి, నేనిచ్చే మందు రాస్తే పుండు మానుతుంది. మీ చేతి మీదున్నది తామర. చర్మం డాక్టరుకి చూపించుకోండి. అది తగ్గేదాకా కుక్కని ముట్టుకోకండి, దానికి అంటుతుంది.”

పెద్దాయన చొక్కా చెయ్యి మెల్లగా కిందికి దించుకున్నాడు. “అంటే, ఏటంతారు? రోగం నాదా?”

నేను జవాబు చెప్పేలోపు ఆవిడ తాడు పట్టుకుని లేచింది.

“ఆటో బయటే ఉందన్నారు కదా, ఎక్కండి. మిమ్మల్ని యారాడలో దింపీసి, నానూ కుక్కా ఇంటికెల్లిపోతాం.”