సార్ చెప్పని పేరు

మా లెక్కల సార్ పోయారని పోయిన వారం నాతో చదువుకున్న ఒకామె ఫోన్ చేసి చెప్పింది. "పొద్దున టీ తాగతా తాగతా పక్కకి ఒరిగినారంటమ్మే." నేను ఏడవడానికి ముందే, ఫోన్లో ఆయన గురించి ఇంకేమీ మాట్లాడవద్దని ఆమెను ఆపాను. ఎందుకు ఆపానో ఆమెకు తెలియదు. మీకు చెబుతాను.

రిటైరయ్యాక సార్ మా ఊళ్ళో మూడు కంప్యూటర్లతో నెట్ సెంటర్ పెట్టారు. వచ్చినవాళ్ళ పేరు, గుర్తింపు కార్డు నంబరు, కూర్చున్న వేళ రిజిస్టరులో ఉండి తీరాలి. సొంత తమ్ముడొచ్చినా రాయించేవారు. మా బ్యాచ్ రోల్ నంబర్లన్నీ ఆయనకు కంఠతా వచ్చు. వీధిలో కనబడితే "ఏం ముప్పై రెండూ, యాడికి పోతుండావు?" అని పలకరించేవారు. ముప్పై రెండు నేను.

పన్నెండేళ్ళ కిందటి మాట. శ్రీహరికోటలో రాకెట్ ఎగిరే రోజు మా పడవలు సముద్రంలోకి పోకూడదు. అప్పటికే నాన్న వేసిన వలలు నీళ్ళలో ఉండిపోయాయి. అటునుంచి వచ్చి వలలు ఎత్తమందామంటే తమిళనాడు వైపున్న మామ ఫోన్ అందలేదు. మామకు అందించమని అక్కడి పడవల సంఘానికి మెయిల్ పెడదామని సార్ దగ్గరికి వెళ్ళాను. నాన్న చెప్పింది చెప్పినట్టు కొట్టాను: దీపస్తంభం తాటితోపు వెనక్కి పోయే చోట, ఎనిమిది బారల లోతు నీళ్ళలో వలలున్నాయి. గస్తీ పడవ తొమ్మిదికి మళ్ళుతుంది, ఆ తర్వాత ఎత్తుకో.

సముద్రంలో చోటును మావాళ్ళు ఎప్పుడూ ఇలాగే చెప్పుకుంటారు, ఒడ్డున రెండు గుర్తులు, కింద నీటి లోతు. నాకు మెయిల్ ఐడీ లేకపోతే సార్ తనదే తెరిచి ఇచ్చారు. తన దగ్గర చదువుకున్న పిల్లే కదా అని ఆ ఒక్కరోజు రిజిస్టరు నా ముందుకు జరపలేదు.

నాలుగో రోజు ఇద్దరు అధికారులు నెట్ సెంటర్ ముందు జీపు దిగారు. నేను అక్కడే ఏదో అప్లికేషన్ నింపుతున్నాను. వాళ్ళ చేతిలో నా మెయిల్, ప్రింటు తీసి ఉంది. గస్తీ వేళలు, నీటి లోతులు ఎవరికి చేరవేస్తున్నావని సార్‌ని అడిగారు.

"వలల కోసం సార్. నేనే రాసినా."

"ఎవురు చెప్తే రాసినావు?"

"వయసు మీద పడింది. గుర్తులేదు సార్."

రోల్ నంబర్లు మరిచిపోని మనిషి నా వైపు కన్నెత్తి చూడలేదు. నేను అప్లికేషన్ మీదికి తల వంచాను.

కంప్యూటర్లు పట్టుకుపోయారు. ఏడాదిన్నర పాటు పిలిచినప్పుడల్లా ఆయన నెల్లూరు వెళ్ళి వాళ్ళ ఆఫీసు బెంచీ మీద కూర్చుని వచ్చారు. నిజం చెప్పేస్తానని ఒకసారి ఇంటికి వెళితే, నోరు తెరవకముందే నా ఫోనూ ఆయన ఫోనూ బియ్యం డబ్బాలో పెట్టి మూత బిగించి, నన్ను అలల దగ్గరికి నడిపించారు.

"నువ్వు రాసింది ఇంకెవురో చదివినారు పాపా. ఇంకెవురెవురివి చదవతుండారో, ఎన్నాళ్ళ నుంచో!" అన్నారు. వెనక ఎవరైనా వస్తున్నారేమోనని తిరిగి చూశారు. "భయపడు, తప్పులేదు. భయంలో ఇంకొకరి పేరు మాత్రం చెప్పబాకు. మీ నాయన్ని పిలిపిస్తే పడవ కూడా పోతాది," అన్నారు.

గుర్తులేదన్న ఆయన మాట చాటున మా ఇల్లు నిలబడింది. ఆయన రుణం నేను తీర్చుకోలేను. భయం మాత్రం ఈరోజుకీ వదల్లేదు. చేపల పులుసు ఎలా పెట్టాలో చెల్లెలికి రాసినా, పంపే ముందు ఎవడో పరాయివాడిలా మళ్ళీ చదువుకుంటాను. నవ్వుకుంటే నవ్వుకోండి. నాన్న వేట మానేశాడు, పడవ అమ్మేశాం. ఇక నేను దాచాల్సిన అవసరం కూడా లేదు.

అయినా ఆయన్ని చివరిసారి చూడటానికి వెళ్ళినప్పుడు, గళ్ళ చొక్కా మనిషి ఒకడు ఫోన్ ఎత్తి అందరినీ వీడియో తీస్తుంటే, చెంగు ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. దూరపు చుట్టాల కోసం తీస్తున్నాడని పక్కవాళ్ళు చెప్పినా దించలేదు.

సార్ భార్య నా చెయ్యి పట్టుకుంది. "ఎవురి కోసం అన్ని తూర్లు నెల్లూరికి తిరిగినాడో నాక్కూడా చెప్పకుండా పోయినాడమ్మా. నీకేమన్నా తెలుసా పాపా?"

ఫోన్ మా వైపు తిరిగింది.

"తెలీదమ్మా," అన్నాను.

ఆమె తలూపింది. నా చెయ్యి వదలకుండానే, నా పక్కన నిలబడ్డ ఇంకొకామెను అదే మాట అడిగింది.