తుంటిలో ఉక్కుగుండు

చంద్రవ్వ తుంటి విరిగితే హైదరాబాదు ఆసుపత్రిలో పాడైన ఎముక తీసేసి ఉక్కుగుండు బిగించారు. అప్పటి నుంచి మందమర్రిలో ఆమె ఇంటి కిందున్న బొగ్గుబాయిలో బొగ్గు పగలగొట్టడానికి తూటాలు పేల్చినప్పుడల్లా పాణం పోయేది. నేల వణకడం మిగతావాళ్లకు తెలిసీ తెలియనట్టుండేది. ఆమెకు మాత్రం ఆ వణుకు ఉక్కును పట్టుకుని నడుము దాకా జివ్వున లాగేది. "దీని నోట్ల మన్నువడ!" అని రోజూ మధ్యాహ్నం బాయిని తిట్టుకుంటూ నులకమంచం ఎక్కేది.

ఆరోజు పొద్దు వాలుతున్నా నేల వణకలేదు. కొడుకు ఓదెలు బాయిలోనే ఉన్నాడు. లోపల బండ కూలితే ముందు ఆగేది ఆ పేలుళ్లేనని ఆమెకు తెలుసు.

"ఏమన్న అయితే సైరన్ కొడ్తరు గద అత్తా, ఫికర్ చెయ్యకు" అంది కోడలు దుర్గవ్వ. కానీ ఆమె చేతిలో చాట కదలడం లేదు.

చంద్రవ్వ మంచం దిగింది. కూర్చోవద్దని డాక్టరు మరీ మరీ చెప్పిన వట్టి నేల మీదే, ఉక్కున్న తుంటి ఆనించి చతికిలబడింది. ఊపిరి బిగబట్టి కాచుకుంది.

చీకటి పడబోతుండగా నేల అదిరింది. ఆమె పెదవి కొరుక్కుంది. కళ్ల నుంచి నీళ్లు జారాయి.

"నొస్తుందా అత్తా?"

"నొస్తుంది బిడ్డా. మంచిగ నొస్తుంది."