ఖాళీ మిషను

టైలరమ్మది రాతి గుండె అని వీధి వీధంతా ఒప్పుకున్న మాట. కాన్పులోనే బిడ్డ పోతే, పచ్చి బాలింతగానే మళ్లీ కుట్టుమిషను ముందు కూర్చుంది. ఆమె కంట తడి చూసినవాళ్లు లేరు. ఆ పేరును ఆమె పరువులా కాపాడుకుంటూ వచ్చింది.

ఆమె తమ్ముడిది వేరే గోల. చేతిలో వాయిద్యమంటూ ఒక్కటీ ఉండదు, కంప్యూటరులోనే పాటలు కడతాడు. తొలి ఆల్బమ్ బయటికి వదిలేముందు ఇంట్లోవాళ్లకు వినిపిస్తానని అక్కగారి హాల్లో స్పీకర్లు పెట్టాడు. స్నేహితులిద్దరు వచ్చారు. బావగారు మామూలుగానే నోరు మెదపకుండా గుమ్మం దగ్గర కూర్చున్నాడు.

ఒక్కో పాటా అయ్యేకొద్దీ స్నేహితులు నీళ్లు నమిలారు. అన్నీ ఎక్కడో విన్నట్టే ఉన్నాయట. వాళ్లను తప్పుపట్టడానికేముంది? పక్కవాడి చొక్కా కురచ చేసి తొడుక్కుంటే ఎవరికి తెలియదు! తమ్ముడి మొహం వాడిపోయింది.

చివరి పాట మొదలైంది. టకటకమంటూ కుట్టుమిషను. అప్పట్లో తమ్ముడు మిషను బల్ల కింద చిన్న మైకు అతికించి చప్పుడు పట్టుకుంటానంటే టైలరమ్మే సరేనంది, తర్వాత మరిచిపోయింది. ఆ చప్పుడు అడుగున ఒక గొంతు సాగుతూ, తెగుతూ, మళ్లీ లేస్తోంది. స్నేహితుల్లో ఒకడు కళ్లు తుడుచుకుని, ఇది మాత్రం నీదేరా, ఆ గొంతు ఎలా తయారుచేశావని అడిగాడు. తాను చేసింది కాదని, మిషను బెల్టు మూలుగుతుంటే దాన్నే సాగదీశానని చెప్పాడు తమ్ముడు.

టైలరమ్మ కొయ్యబారిపోయింది. బిడ్డ పోయిన ఆ రోజుల్లో ఆమె తలుపు వేసుకుని, దారం తీసేసి, గుడ్డ లేకుండా ఖాళీ మిషను తొక్కేది. ఆ చప్పుడు చాటున ఏడ్చేది. గోడ అవతలికి వినబడకపోతే చాలనుకుంది గానీ, మైకు తన మోకాళ్ల దగ్గరే ఉందన్న సంగతి తట్టలేదు.

"తీసెయ్," అంది.

"అక్కా, ఇదొక్కటే కదా బాగుంది..."

"అది బెల్టు కాదురా. నేను."

స్నేహితులు తలలు దించుకున్నారు. తనదంటూ ఉన్న ఒక్క పాటనూ చెరిపేయడానికి తమ్ముడు చెయ్యి చాచాడు.

"ఉండు," అన్నాడు బావ. అందరూ ఉలిక్కిపడ్డారు. బిడ్డ పోయాక ఆ విషయం మీద ఆయన ఒక్క మాటైనా ఎత్తలేదు. "నాకిది కొత్త కాదు. రోజూ బయట మెట్ల మీద కూర్చుని వినేవాణ్ని. మిషను ఆగితే లోపలికి వద్దామనుకునేవాణ్ని. నువ్వు ఆపేదానివి కాదు."

టైలరమ్మ మొగుడి వైపు కొత్త మనిషిని చూసినట్టు చూసింది. ఏడుపు తన్నుకొచ్చింది. ఈసారి ఆపుకోలేదు.

"తలుపు తట్టొచ్చు కదండీ," అంది.

ఆమె తమ్ముడి చెయ్యి పక్కకు తోసింది.

"మళ్లీ మొదటినుంచి పెట్టరా. మీ బావ లోపల కూర్చుని వింటారు."