మూడు నిమిషాల తేడా

యుద్ధానికి ముందు అతను పిల్లలకు లెక్కలు చెప్పేవాడు. విమాన దళంలో చేరాక నావిగేటర్ పని ఇచ్చారు. పైలట్ వెనక చెయ్యి చాపితే గోడ తగిలేంత చోటులో చిన్న బల్ల, దానిమీద మ్యాపు, పెన్సిలు, స్కేలు, గడియారం. గాలి ఎటు తోస్తోందో, విమానం ఎంత పక్కకి జరిగిందో, ఎన్ని నిమిషాలకి ఎక్కడుంటామో లెక్కగట్టి చెప్పడమే అతని పని. దళంలో అందరూ అతన్ని ‘ముల్లు’ అనేవారు. ఎటు తిప్పినా దిక్సూచి ముల్లులా ఒక్క దిక్కే చూపిస్తాడని.

ముందు సీట్లో పైలట్ అతని బావ, సొంత అక్క మొగుడు. ఒకే విమానం కావాలని ఇద్దరూ పట్టుబట్టి మరీ వేయించుకున్నారు. "ముల్లు వెనకుంటే నేను కళ్ళు మూసుకుని నడుపుతా" అనేవాడు బావ నలుగురిలో. ఆ మాటకి ఇతను పొంగిపోయేవాడు.

ఇరవై రెండు సార్లు వెళ్ళి క్షేమంగా తిరిగొచ్చారు. ఇరవై మూడోసారి, నది ఒడ్డున గుట్టమీద చిక్కుకుపోయిన ముప్పై ఎనిమిది మంది తమ సైనికులకి తిండి, మందులు, తూటాలు జారవిడిచి రమ్మన్నారు. మధ్యాహ్నం రెండు దాటింది. కింద మబ్బు, మబ్బు సందుల్లోంచి శత్రువుల కాల్పులు.

"బావా, ఇంకా మూడు నిమిషాలు. ఇలాగే తిన్నగా పోనీ" అన్నాడు చెవి ఫోనులో.

రెక్క దగ్గర ఏదో ఫెళ్ళున పేలింది. అంతే, బావ గంట కొట్టేశాడు. వెనక తలుపు దగ్గరి మనుషులకి గంట తప్ప ఇంకేమీ వినబడదు. మోగగానే మూటలన్నీ తోసేశారు. విమానం గిర్రున వెనక్కి తిరిగింది.

"ఇంకా నది దాటలేదు బావా!"

ఇతను ప్రయాణం వివరాలు రాసే లాగ్ కాగితంమీద ఉన్నదున్నట్టు రాశాడు: మూటలు వదిలినది రెండు గంటల పద్నాలుగు నిమిషాలకి, గుట్ట చేరవలసినది రెండూ పదిహేడుకి. దిగాక నియమం ప్రకారం కాగితాన్ని సంతకానికి పైలట్ చేతికిచ్చాడు.

మూటలు శత్రువుల పాలయ్యాయి. ఎనిమిదో రోజుకి గుట్ట కూడా వాళ్ళ చేతికి పోయింది. విచారణ పెట్టారు.

విచారణ గదిలో పెద్ద అధికారి ఆ కాగితాన్ని ఇతని ముందుకి జరిపాడు. "రెండూ పదిహేడుకి వదిలామని ఉంది. అంటే గుట్ట వచ్చేసిందని నువ్వే పైలట్‌కి చెప్పావు. నీ లెక్కే తప్పిందన్నమాట."

ఇతను వంగి చూశాడు. పద్నాలుగులో నాలుగుని చెరిపి ఏడు చేశారు. చిన్నప్పటినుంచీ ఇతను ఏడుకి నడుంమీద అడ్డగీత పెడతాడు. ఈ ఏడుకి గీత లేదు. తలెత్తి బావ వైపు చూశాడు. బావ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

అక్కకి అప్పుడు ఏడో నెల. అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. మొగుడు జైలుకి పోయాడంటే ఆ మనిషి ఏమైపోతుంది?

"గాలి లెక్క తప్పానండీ" అన్నాడు.

మెట్లమీద బావ ఇతని భుజంమీద చెయ్యి వేశాడు. "నీకైతే పెళ్ళామా, పిల్లలా... తట్టుకుంటావురా." బావ అడిగి ఉంటే ఆ నిందని ఇతను తానే నెత్తిన వేసుకునేవాడు. అడగకుండా వేసినందుకే ఆ చెయ్యి తోసేసి మెట్లు దిగిపోయాడు.

బావకి హోదా పెరిగింది. ఇతన్ని దళంలోంచి పంపేశారు. భూముల సర్వే ఆఫీసులో పటాలు గీసే పని దొరికింది. పదకొండేళ్ళు గడిచాయి. అక్క ఇంటికి వెళుతూనే ఉన్నాడు. అక్క కూతురు లెక్క తప్పినప్పుడల్లా "మేనమామ పోలిక!" అని అక్క నవ్వేది. పాపం, అక్కకేం తెలుసులే అని ఇతనూ నవ్వేవాడు.

ఒకరోజు ఆఫీసుకి చేతికర్ర పట్టుకుని ఒకాయన స్థలం పటం కోసం వచ్చాడు. గుట్టమీదినుంచి బతికొచ్చిన పదకొండు మందిలో ఒకడు. గుమాస్తా నోరు జారి ఇతనెవరో చెప్పేశాడు. ఆయన కేకలు వెయ్యలేదు.

"మేం చూస్తూనే ఉన్నాం సార్. మూటలు కట్టిన పారాచూట్ గొడుగులు నది అవతల దిగుతుంటే పద్నాలుగు లెక్కపెట్టాం. అంత దూరం వచ్చి, ఇంకో మూడు నిమిషాలు రాలేకపోయారా?"

ఆ సాయంత్రం ఇతను తిన్నగా అక్క ఇంటికి వెళ్ళాడు. బావ ఊళ్ళో లేడు. అక్క ఆరిన బట్టలు మడతపెడుతోంది.

"అక్కా, ఆ గుట్ట సంగతి నీకొకటి చెప్పాలి. తప్పు నాది కాదు."

అక్క చేతిలో మడత ఆగలేదు. "తెలుసురా."

"ఏం తెలుసు?"

"ఆయన చెప్పారు. విచారణకి ముందురోజే. భయపడి గంట కొట్టేశాననీ, కాగితం దిద్దాననీ."

"ముందురోజే తెలుసా? మరి నాకొక్క మాట..."

"నేనే అన్నాను, వాడు నోరు విప్పడులే, నాకోసం ఓర్చుకుంటాడని." ఇంకో బట్ట అందుకుంటూ, "ఓర్చుకున్నావుగా" అంది.

"మేనమామ పోలిక అని నవ్వేదానివే అక్కా!"

"పిల్లకి అనుమానం రాకూడదుగా మరి."

ఇతను చెప్పులు వేసుకుని వచ్చేశాడు. బావ చేసింది ద్రోహమని ఎప్పుడో తెలుసు. ఆ ద్రోహాన్ని ఎవరికోసం దిగమింగాడో, ఆమే దాన్ని ముందుగా కొలిచి వడ్డించిందని ఇప్పుడే తెలిసింది.

జరిగిందంతా మూడేసి కాగితాలమీద రెండు ప్రతులు రాశాడు. విమానం దారి, నది, గుట్ట గీశాడు. ఒక ప్రతి దళం ఆఫీసుకి పంపితే, ఆ కాలం కాగితాలు ఇప్పుడు లేవని రెండు ముక్కల జవాబు వచ్చింది. రెండో ప్రతి తీసుకుని చేతికర్ర ఆయన ఇంటికి వెళ్ళాడు. ఆయన గడపలోనే నిలబడి రెండుసార్లు చదివాడు.

"ఆరోజే ఎందుకు చెప్పలేదు?"

"మా అక్క కోసమండీ."

"మాకూ అక్కలున్నారు సార్" అన్నాడాయన.

ఆ మాటకి ఇతను తల వంచుకున్నాడు. ఆయన మాత్రం కాగితాలు పారెయ్యలేదు. మిగిలిన పదిమందికీ చూపిస్తానని మడిచి జేబులో పెట్టుకున్నాడు, లోపలికి రమ్మని మాత్రం అనలేదు.